"ఆసక్తి లేదు" అన్న పరిచారకుడు: చల్లారిన సేవ మీద ఒక కేస్ స్టడీ

క్రైస్తవ సంఘంలో ఎవరైనా సేవలో వెనకబడితే మనం వాడే మాట ఒక్కటే: "చల్లారిపోయాడు." ఆ మాట అనేశాక ఇక వెతకడానికేమీ మిగలదు. లోకం లాగేసిందనో, ప్రార్థన తగ్గిందనో ఒక కారణం తగిలించి, అతని పేరు ఉపవాస కూటంలో చదివే జాబితాలో చేర్చి ఊరుకుంటాం. నేనూ అదే చేశాను. దాదాపు 10 నెలలపాటు, చేసిన ప్రతి వైద్యం వికటించాక గానీ అసలు జబ్బు దగ్గరికి రాలేకపోయాను. ఈ రాతలో సగం నా పొరపాట్ల చిట్టాయే. నాలాంటి తోటి కాపరులకు, అంటే పాస్టర్లకు, ఆ సగమే ఎక్కువ పనికొస్తుందనుకుంటున్నాను.

గుర్తుపట్టే వివరాలు మార్చాను. రాసినదాన్ని అతను చదివి ఒప్పుకున్నాడు. ఒకచోట నన్ను నేను ఉన్నదానికంటే మంచివాడిగా చూపించుకున్నానని ఆ పేరా కొట్టేయించాడు.

మనిషి, పని

వయసు 43. సంఘంలో 11 ఏళ్లుగా పరిచారకుడు. చేతిలో నాలుగు పనులు ఉండేవి. 9 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సండే స్కూల్, మంచం పట్టినవాళ్లను వెళ్లి చూడటం, బుధవారం ప్రార్థన కూటం, ఆదివారం అందరికంటే ముందొచ్చి తలుపులు తీసి కుర్చీలు సర్దడం. ఈ నాలుగోది ఎవరూ అప్పగించింది కాదు. ఒక ఆదివారం ఎవరూ రాలేదని తనే చేశాడు. అంతే, 11 ఏళ్లూ అతనిదే అయింది.

మొదట నాకు కనబడింది చాలా చిన్న విషయం. అతని పాఠాల నోట్‌బుక్ ఒకరోజు నా బల్లమీద మర్చిపోయాడు. తెరిచి చూస్తే ప్రతి పాఠం పైన పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ వేసి ఉంది. కొన్నింటికి మూడు తేదీలున్నాయి. పాఠం మళ్లీ చెప్పడం తప్పేమీ కాదు, నేనూ చెబుతాను. కానీ పాత పేజీల అంచుల్లో పిల్లల పేర్లు, వాళ్లడిగిన ప్రశ్నలు ఉండేవి. రెండేళ్లుగా అంచులు ఖాళీ.

తర్వాత మంచంమీదున్న ఒక పెద్దావిడను చూడటానికి వెళ్లాను. మాటల్లో ఆమె నవ్వుతూనే అంది: "అయ్యగారూ, ఆ అబ్బాయి ప్రార్థన ఈమధ్య ఫోన్లోకి వచ్చేసింది. పొద్దున్నే ఒక వచనం వస్తుంది. చదువుదామంటే నాకు కళ్లు కనబడవు కదా."

ఫిర్యాదుగా అనలేదు. నేనే అలా తీసుకున్నాను. ఇంటికొచ్చి వెనక్కి లెక్కేసుకుంటే, వెళ్లి చూడటం కాస్తా ఫోన్ మాటగా, ఫోన్ మాట కాస్తా వాట్సాప్ వచనంగా మారడానికి సుమారు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో అతను ఒక్క ఆదివారం కూడా మానలేదు. తలుపులు వేళకే తెరుచుకున్నాయి. అందుకే నాకు కనబడలేదు. సేవలో మాంద్యం ఎప్పుడూ ఖాళీ కుర్చీలా కనబడుతుందని అనుకుంటాం. వేళకు సర్దిన కుర్చీల వెనక కూడా అది ఉండగలదని నాకు అప్పటికి తెలియదు. ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘానికి ప్రభువు చెప్పిన మాటలో కష్టం ఉంది, సహనం ఉంది, దొంగ అపొస్తలులను పరీక్షించిన జాగరూకత ఉంది. పోయింది మొదటి ప్రేమ ఒక్కటే. బయటినుంచి చూసేవాడికి ఎఫెసు మహా ఉత్సాహవంతమైన సంఘమే.

నేను చేసిన మూడు వైద్యాలు

మొదటిది ప్రసంగం. మలాకీ మొదటి అధ్యాయం తీసుకున్నాను. "యెంత ప్రయాసము" అంటూ కుంటిదాన్నీ రోగమున్నదాన్నీ బలిపీఠం దగ్గరికి తెచ్చిన యాజకుల గురించి 40 నిమిషాలు చెప్పాను. సంఘమంతా విన్నది, ఎవరికోసం చెప్పానో అతను ఒక్కడికే అర్థమైంది. తర్వాతి వారం ఇంకో పది నిమిషాలు ముందొచ్చాడు. నా మొహం మాత్రం చూడలేదు. ఒకరితో మాట్లాడాల్సిన మాటను ప్రసంగ వేదిక ఎక్కి అందరికీ చెప్పడం పిరికితనం. అప్పుడు దాన్ని నేను వాక్య పరిచర్య అనుకున్నాను.

రెండోది మెప్పు. మందలింపు పనిచేయలేదు గనక ప్రోత్సాహం కావాలేమో అనుకుని, ఒక ఆదివారం సంఘం ముందు నిలబెట్టి 11 ఏళ్ల సేవ గురించి మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. సరిగ్గా ఐదు వారాలు పనిచేసింది. ఆరో వారం నోట్‌బుక్‌లో మళ్లీ పాత తేదీ కొట్టేసి ఉంది.

మూడోది సెలవు. "తమ్ముడూ, అలసిపోయావు, రెండు నెలలు ఏమీ చేయొద్దు" అన్నాను. ఇది సరైన వైద్యమేనని ఇప్పటికీ అనుకుంటాను, సరైన రోగికి ఇస్తే. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందుగా ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, తినమన్నాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ తినమన్నాడు. ఆ బలంతో 40 రాత్రింబగళ్లు నడిచి హోరేబు చేరాకే దేవుడు "ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అని అడిగింది. అలసిన మనిషికి వాక్యంకంటే ముందు అన్నం, నిద్ర కావాలి. కాకపోతే ఇతను అలసిపోయిన మనిషి కాడు. రెండు నెలల్లో ఒళ్లు తేరుకుంది, రంగు వచ్చింది, ఆరాధనకు రావడం మాత్రం తగ్గింది. మొదట వారం విడిచి వారం, తర్వాత నెలకొకసారి. కుటుంబ ప్రార్థన ఆగిపోయిందని భార్య చెప్పింది. సేవ ఆపితే ఆత్మకు బలం వస్తుందనుకున్నాను. జరిగింది దానికి పూర్తిగా ఎదురు.

ఇక్కడ ఒక పక్కమాట. ఇలాంటి సందర్భంలో డిప్రెషన్ ఉందేమో చూడకుండా ఆత్మీయ కారణాలు వెతకడం ప్రమాదం. డాక్టర్ దగ్గరికి పంపాను. పరీక్షలు బాగానే ఉన్నాయి, డిప్రెషన్ లక్షణాలు లేవన్నారు. నాకు కనబడిన తేడా కూడా అదే. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఏదీ రుచించదు. ఇతనికి ఉద్యోగం రుచిస్తోంది, స్నేహితులు రుచిస్తున్నారు, ఆటలు రుచిస్తున్నాయి. దేవుని పని ఒక్కటే చేదయింది.

మేకపిల్ల

సెలవు ముగిసిన రోజు అతని ఇంటికి వెళ్లి, మళ్లీ ఎప్పుడు మొదలుపెడతావని అడిగాను. జవాబు సిద్ధంగా పెట్టుకున్నట్టు చెప్పాడు. "అన్నా, నిజం చెప్పాలంటే నాకు ఆసక్తి లేదు. ఆసక్తి లేకుండా చేస్తే అది వేషధారణ కాదా? అయినా రక్షణ క్రియలవల్ల కాదని మీరే నేర్పారు. నేను మానేస్తే ఏమవుతుంది?"

రెండూ మంచి ప్రశ్నలే. వాటికి జవాబు చెప్పడం మొదలుపెట్టాను కూడా. అతను విన్నాడు, తల ఊపాడు, మధ్యలో ఆపి అన్నాడు: "నాన్న పోయినప్పుడు వారంపాటు అందరూ వచ్చారన్నా. ఎనిమిదో రోజు నుంచి ఎవ్వరూ రాలేదు. పదిహేనో రోజున మీరు ఫోన్ చేశారు. ఎందుకు చేశారో గుర్తుందా?"

గుర్తు లేదన్నాను.

"బుధవారం కూటం ఎవరు నడుపుతారని అడగడానికి."

అది జరిగి మూడేళ్లు. నోట్‌బుక్ అంచులు ఖాళీ అయింది రెండేళ్లనుంచి. మధ్యలో ఆ ఏడాదంతా అతను ఎదురుచూశాడని నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అందరి మంచాల పక్కన కూర్చున్న మనిషి ఇంటికి ఎవరూ రాలేదు. రావలసినవాళ్లలో మొదటివాణ్ణి నేను.

ఆ రాత్రి లూకా 15లో, తప్పిపోయిన కుమారుడి కథలోని పెద్దకొడుకు మాట చదువుకున్నాను. "ఇదిగో యిన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే" అని మొదలుపెట్టి, నా స్నేహితులతో సంతోషపడటానికి ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదంటాడు. చాలాసార్లు ప్రసంగించిన భాగమే. ఈసారి కనబడింది వేరు. ఆ పెద్దకొడుకు పొలంలోంచే వస్తున్నాడు. పని మానలేదు. పని చేస్తూనే లోపల లెక్క రాసుకున్నాడు. లెక్క తేలక ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

ఆ వెంటనే మత్తయి 25 గుర్తొచ్చింది. యజమాని దగ్గర ఒక్క తలాంతు డబ్బు పుచ్చుకుని, దాన్ని వాడకుండా గొయ్యి తవ్వి దాచిపెట్టినవాణ్ణి ఆ యజమాని "సోమరివైన చెడ్డ దాసుడా" అన్నాడు. సోమరి అన్నచోట గ్రీకులో ఉన్న మాటే రోమా 12:11లో "మాంద్యులు" అన్నచోటా ఉంది. సంకోచించేవాడు, వెనకాడేవాడు అన్న ఛాయ ఆ మాటలో ఉంది. ఈ దాసుడు ఎందుకు వెనకాడాడు? కారణం తనే చెప్పాడు: నీవు విత్తనిచోట కోసే కఠినుడవని నాకు తెలుసు. అతని చేతులకు ఏ జబ్బూ లేదు, గొయ్యి తవ్వగలిగాడు కదా. పాడైంది యజమాని మీద అభిప్రాయం. పెద్దకొడుకుదీ అంతే. ఒకడు యజమానిని కఠినుడనుకున్నాడు, ఇంకొకడు తండ్రిని పిసినారి అనుకున్నాడు. ఒకడు పని ఆపేశాడు, ఇంకొకడు పనిచేస్తూనే లోపలికి రావడం ఆపేశాడు.

నా పరిచారకుడు ఈ ఇద్దరి మధ్య ఎక్కడో ఉన్నాడు. సంఘం తనను మరిచిపోయింది. సంఘం వెనక ఉన్న దేవుడూ మరిచిపోయాడనే నిర్ణయానికి, నోటితో ఎన్నడూ అనకుండానే, వచ్చేశాడు. అటువంటి యజమానికి ఎవరు పరుగెత్తి పనిచేస్తారు? మూడు వైద్యాలూ ఎందుకు వికటించాయో అప్పుడు తెలిసింది. ప్రసంగం యజమాని కఠినుడని రుజువు చేసింది. మెప్పు, అడక్కుండా ఇచ్చిన మేకపిల్ల అయింది, ఐదు వారాల్లో అరిగిపోయింది. సెలవు, నువ్వు లేకపోయినా ఇక్కడ జరిగిపోతుందని చెప్పింది.

మధ్యాహ్నపు రోగం

ఈ జబ్బు పాతదే. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో జీవించిన ఎవాగ్రియస్ అనే సన్యాసి దీన్ని చాలా వివరంగా రాశాడు. 399లో చనిపోయాడు. గ్రీకులో దీని పేరు అకీడియా, అంటే పట్టింపు పోవడం. కీర్తన 91లోని "మధ్యాహ్నమందు పాడుచేయు రోగము"తో దీన్ని కలిపి చూశారు ఆ సన్యాసులు. పొద్దున పది గంటల ప్రాంతంలో పట్టుకుని మధ్యాహ్నం రెండు దాకా వదలదట. సూర్యుడు కదలనట్టే ఉంటాడు, పగలు 50 గంటలున్నట్టు తోస్తుంది. మాటిమాటికి కిటికీలోంచి చూడాలనిపిస్తుంది. ఉన్న చోటు మీద, చేస్తున్న పని మీద అసహ్యం పుడుతుంది. ఆ తర్వాత ఎవాగ్రియస్ రాసినది చదివి పుస్తకం మూసేశాను: సహోదరుల మధ్య ప్రేమ లేకుండా పోయిందనీ, తనను ఓదార్చేవాడే లేడనీ ఆ తలంపు చెబుతుంది, ఈమధ్య ఎవరైనా నొప్పించి ఉంటే దాన్నీ వాడుకుంటుంది.

1600 ఏళ్ల క్రితం రాసినది నా పరిచారకుడి కథలా ఉంది. ఒకచోట మాత్రం నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. తలంపు చెప్పింది అబద్ధం కాదు. నిజంగానే ఎవరూ రాలేదు. నిజమైన గాయాన్ని పట్టుకుని అబద్ధపు తీర్పు చెప్పడం ఈ రోగం పద్ధతి. గాయాన్ని కాదంటే మనిషి మన మాట వినడు, తీర్పును ఒప్పుకుంటే మనిషి దక్కడు.

మధ్యాహ్నం అన్న మాట గురించి కూడా ఆలోచించాను. పొద్దున్నే పనిలోకి దిగినవాడికి ఉత్సాహముంటుంది, సాయంత్రానికి ముగింపు కనబడుతుంది. మధ్యలోనే కష్టం. నెహెమ్యా కట్టించిన యెరూషలేము గోడ కూడా సగం ఎత్తు లేచాకే బరువులు మోసేవాళ్ల బలం తగ్గిందనీ, చెత్త విస్తారంగా ఉందనీ యూదావారు అన్నారు. పునాదుల దగ్గర ఎవరూ ఆ మాట అనలేదు. ఆ గోడ 52 రోజుల్లో పూర్తయింది. మన సేవకు అలాంటి గడువు లేదు. 43 ఏళ్ల మనిషి, 11 ఏళ్ల సేవ. సరిగ్గా మిట్టమధ్యాహ్నం.

ఏం చేశాం

మళ్లీ వెళ్లాను, ఈసారి బైబిల్ సంచి లేకుండా. క్షమాపణ అడిగాను. "పని ఎక్కువై మర్చిపోయాను" అన్న వాక్యం నోటిదాకా వచ్చింది, మింగేశాను. తండ్రి గురించి చెప్పమన్నాను. రెండు గంటలు చెప్పాడు. ప్రార్థన చేయనా అని అడిగితే, ఈరోజు వద్దన్నా అన్నాడు. చేయలేదు.

మూడో కలయికలో అతని ప్రశ్నల దగ్గరికి వచ్చాం. ఆసక్తి అన్న మాట ముందు. ఈ మాట దగ్గర మన తెలుగు పాఠకులు చాలామంది జారుతున్నారని నా అనుమానం. "ఆసక్తి విషయములో మాంద్యులు కాక, ఆత్మయందు తీవ్రతగలవారై ప్రభువును సేవించుడి" అని రోమా 12:11. ఇవాళ మనం ఆసక్తి అంటే ఇష్టం, కుతూహలం అన్న అర్థంలో వాడుతున్నాం. నాకు క్రికెట్ మీద ఆసక్తి, నీకు సంగీతం మీద ఆసక్తి. ఆ అర్థంతో చదివితే పౌలు మాట "ఇష్టం తగ్గనివ్వకండి" అని వినబడుతుంది. ఇష్టం మన చేతిలో ఉంటుందా? లేదు గనక మన తప్పేమీ లేదని తేల్చేసుకుంటాం. కానీ సంస్కృతంలో ఆసక్తి అంటే అంటిపెట్టుకుని ఉండటం. పౌలు రాసిన గ్రీకు మాటలో తొందర, శ్రద్ధ, పూనిక కలిసి ఉన్నాయి. ఆ మాటే 2 పేతురు 1:5లో మనకు "జాగ్రత్త"గా కనబడుతుంది. మరియ ఎలీసబెతును చూడటానికి కొండసీమకు "త్వరగా" వెళ్లిందన్నచోటా అదే మాట. "చూడు తమ్ముడూ, అదీ ఒక విజిటింగే" అన్నాను. నవ్వాడు. చాలా నెలల తర్వాత అతను నవ్వడం చూశాను.

"అంటే ఇష్టం లేకపోయినా చేయాలంటారు."

"గెత్సేమనేలో ప్రభువు ఏమన్నాడు? 'నా యిష్టప్రకారము కాదు' అన్నాడు కదా. అది వేషధారణా?"

చాలాసేపు మాట్లాడలేదు. వేషధారి లేనిదాన్ని మనుషుల ముందు చూపిస్తాడు. ఇష్టం లేదన్న సంగతి దేవునికి దాచకుండా చెప్పుకుని, ఎవరూ చూడనిచోట చేయవలసింది చేసేవాడు దానికి పూర్తిగా ఎదురు మనిషి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు చేసిన ఆ ప్రార్థనలో ముందు "ఈ గిన్నె తొలగనిమ్ము" అన్న మొర ఉంది. ఆ మొర లేకుండా వట్టి విధేయత మాత్రమే నేర్పితే, మనం కఠినుడైన యజమాని బొమ్మనే మళ్లీ గీసినవాళ్లమవుతాం.

రెండో ప్రశ్న, రక్షణ క్రియలవల్ల కాదు కదా, మానేస్తే ఏమవుతుంది అన్నది. కుర్చీలు సర్దనందుకు ఎవరూ రక్షణ పోగొట్టుకోరు, ఆ భయం పెట్టి పని చేయించుకునే కాపరులంటే నాకు కోపం. అయితే ఎఫెసీ 2లో 9వ వచనం దగ్గర ఆగేవాళ్లు 10వ వచనం చదవాలి. క్రియలవల్ల కాదు అన్న వెంటనే, సత్క్రియలు చేయడానికే సృష్టించబడి మనం "ఆయన చేసిన పనియైయున్నాము" అంటాడు పౌలు. మనం చేసే పనికంటే ముందు మనమే ఒక పని. వాక్యాలు ఒప్పుకోవడం కష్టం కాలేదతనికి. ఎదుటివాళ్ల సంగతి వచ్చినప్పుడే ఆగాడు. "నువ్వు మానేస్తే ఏమవుతుందో నేను చెప్పను, ఆ పెద్దావిడను అడుగు" అన్నాను. సేవ అనే మాటకు అవతలి చివర ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. కళ్లు కనబడని ఆమెకు వాట్సాప్ వచనం పంపుతున్నామంటే, మనం సేవిస్తున్నది మన జాబితాను.

తర్వాత రోమా పత్రికను 12 నుంచి కాకుండా 1 నుంచి కలిసి చదివాం, వారానికొక అధ్యాయం. నాకిది ఇప్పుడు అలవాటైంది. 12వ అధ్యాయం "కాబట్టి" అని మొదలవుతుంది, "దేవుని వాత్సల్యమునుబట్టి" బతిమాలుతున్నానంటుంది. 11 అధ్యాయాలు చదవకుండా ఆ కాబట్టి దేనికో ఎవరికి తెలుస్తుంది? సేవ గురించి మనం చేసే ప్రసంగాలు చాలావరకు కాబట్టి లేని కాబట్టులే. 8వ అధ్యాయం చదివిన వారం అతను ఇంకేమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. భార్య తర్వాత చెప్పింది, ఆ రాత్రి కుటుంబ ప్రార్థన జరిగిందని.

పని సంగతి. నాలుగింటిలో రెండు శాశ్వతంగా తీసేశాం, సండే స్కూల్, బుధవారం కూటం. దీనిమీద పెద్దల్లో కొందరు ఒప్పుకోలేదు. పూనిక గురించి చెబుతూ పని తగ్గిస్తారేమిటన్నారు. సంఖ్యాకాండం 8లో, మందిరపు పనికి ఏర్పరచబడిన లేవీయులు 25 ఏళ్లకు పనిలో చేరి 50 ఏళ్లకు బరువు పని మానుతారు, ఆ తర్వాత తమ సహోదరులకు తోడుగా కావలి ఉంటారు. దేవుడే తన మందిరపు పనికి హద్దు పెట్టాడు. బలిపీఠం మీద అగ్ని ఆరకూడదన్న ఆజ్ఞ ఉంది, నిజమే. ప్రతి ఉదయం యాజకుడు కట్టెలు వేయాలి అన్నది కూడా అక్కడే, లేవీయకాండం 6లోనే ఉంది. అగ్ని ఆరకూడదని కట్టెలనే తిట్టి ప్రయోజనమేముంది?

మిగిలిన రెండింటిలో కుర్చీల పని అతనే ఉంచుకుంటానన్నాడు. ఎందుకని అడిగితే, "అక్కడ ఎవరూ ఉండరన్నా, బాగుంటుంది" అన్నాడు. విజిటింగ్ మాత్రం ఒక్క మనిషికి కుదించాం. ఆ పెద్దావిడ. వారానికి ఒకసారి, గురువారం, వెళ్లి కూర్చోవాలి. నాకు రిపోర్ట్ ఇవ్వకూడదు, సంఘంలో సాక్ష్యం చెప్పకూడదు, ఫోటో తీయకూడదు. ఈ షరతు, ఆ ఎడారి సన్యాసుల గురించి రాసిన కాసియన్ అనే సన్యాసి చెప్పిన ఒక సంగతి నుంచి వచ్చింది. ఎడారిలో పౌలు అనే ఒక సన్యాసి ఉండేవాడు. సంత దగ్గర లేదు, అల్లినది అమ్మే వీలు లేదు. అయినా రోజూ ఖర్జూరపు ఆకులు పోగుచేసి పనిచేసేవాడు. ఏడాది చివర గుహ నిండిపోతే అంతా కాల్చేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. మొదటిసారి చదివినప్పుడు పిచ్చి అనిపించింది. ఫలితాన్ని లెక్క కట్టడం మానేస్తేనే బాగుపడే చేతులు కొన్ని ఉంటాయని ఈ కేసు తర్వాత అనిపిస్తోంది. అలాగని సేవంతా అలా ఉండాలనను. అవతలి మనిషికి మేలు జరిగిందా లేదా అన్న పట్టింపే పోతే అది ఇంకో రోగం.

14 నెలల తర్వాత

ఫలితం చెప్పాలంటే మిశ్రమం. సండే స్కూల్‌కు అతను తిరిగి వెళ్లలేదు, వెళ్లనని చెప్పేశాడు. ఒక యువతి ఆ తరగతి తీసుకుంది, బాగా చెబుతోంది. అతని పాత నోట్‌బుక్ ఆమె దగ్గరుంది. తొలి తొమ్మిదేళ్ల అంచుల్లో ఉన్న ప్రశ్నలు చాలా ఉపయోగపడుతున్నాయట.

నాలుగో నెలలో మళ్లీ జారాడు. మూడు గురువారాలు వరసగా వెళ్లలేదు. నాకు ఎలా తెలిసిందంటే అతనే చెప్పాడు. మునుపైతే వాట్సాప్‌లో వచనం పంపి ఊరుకునేవాడు. ఈసారి ఆమె దగ్గరికి వెళ్లి, రాలేదు క్షమించమ్మా అన్నాడట. ఆమె "నేనెక్కడికీ పోలేదుగా నాయనా" అంది.

ఎనిమిదో నెలలో ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. గురువారం కాదు, సోమవారం. కబురు తెలిసి నేను వెళ్లేసరికి అతను అక్కడ ఉన్నాడు, కుర్చీలు వేస్తున్నాడు. సమాధి కార్యక్రమం అయిన ఎనిమిదో రోజున ఆమె కొడుకు ఇంటికి వెళ్లాడు, పదిహేనో రోజునా వెళ్లాడు. ఇది నేను చెప్పిన పని కాదు. ఇప్పుడు మా సంఘంలో ఎవరింట్లో మరణం జరిగినా ఎనిమిదో రోజు, పదిహేనో రోజు ఎవరు వెళ్లాలో ఒక కాగితం మీద రాసి ఉంటుంది. రాసేది అతనే.

అతనిలో తీవ్రత తిరిగొచ్చిందా? రోమా 12:11లో ఆ మాటకు పొంగుతూ మరగడం అన్న అర్థం ఉంది. అపొల్లో అనే బోధకుడి గురించి అపొస్తలుల కార్యములు 18లో వాడిన మాట కూడా అదే. అంత మరుగు నాకు కనబడలేదు. వెచ్చగా ఉన్నాడు. హెబ్రీ 6లో దేవుడు మీరు పరిశుద్ధులకు చేసిన ఉపచారాన్ని మరచుటకు "అన్యాయస్థుడు కాడు" అన్న వచనం ఉంది కదా, దాన్ని కొత్త నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాడు. దాని తర్వాతి వచనంలో అదే ఆసక్తిని "తుదమట్టుకు" చూపాలన్న మాట కింద గీత గీశాడు. పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం. ఆ ప్రశ్నార్థకాన్ని చెరిపేయమని నేను అడగలేదు.

ఈ కేసు నా విషయంలో తెచ్చిన మార్పు ఒకటి రాయాలి. కొలొస్సయి పత్రిక చివర్లో పౌలు, అర్ఖిప్పు అనే సేవకుడి గురించి, నీకు అప్పగించిన పరిచర్యను నెరవేర్చేలా జాగ్రత్తపడమని "అర్ఖిప్పుతో చెప్పుడి" అంటాడు. అర్ఖిప్పుకే నేరుగా చెప్పవచ్చు. ఫిలేమోను పత్రికలో అతన్ని తోడి యోధుడని పలకరించాడు కూడా. అయినా ఇక్కడ సంఘాన్నే చెప్పమన్నాడు. ఒక సేవకుడి జాగ్రత్త అతనొక్కడి పని కాదని ఈ భాగం మీద ఒక బుధవారం మాట్లాడాను. మాట్లాడిన ఉత్సాహంలో, విజిటింగ్ జాబితాలో గురువారాలు నా పేరు కూడా రాయమని అందరి ముందు అన్నాను.

మా పరిచారకుడు రాశాడు. గత నెలలో రెండు గురువారాలు నేను వెళ్లలేదు. కారణాలు ఉన్నాయి, మంచివే. నిన్న సాయంత్రం ఫోన్ మోగింది.

"అన్నా, రేపు గురువారం."

"తెలుసు తమ్ముడూ."

"తెలుసని తెలుసన్నా. అర్ఖిప్పుతో చెప్పమన్నారు కదా, చెబుతున్నాను."